జేన్ ఎయిర్ తిరిగివెళ్లడం గెలుపా, రాజీనా?

మల్లెపందిరి:
షార్లెట్ బ్రాంటీ 1847లో వెలువరించిన ‘జేన్ ఎయిర్’ను స్వతంత్ర స్త్రీ కథగా మనలో చాలామంది నెత్తిన పెట్టుకున్నాం. అయితే కట్టుకున్న భార్యను మూడో అంతస్తులో తాళం వేసి దాచి, ఆ సంగతి చెప్పకుండా తనను పెళ్లాడబోయిన రాచెస్టర్ దగ్గరికే జేన్ చివరికి వెళ్లి, చూపు పోయిన అతనికి సేవలు చేస్తూ స్థిరపడుతుంది. దీన్ని స్వేచ్ఛ అనడం నాకు మింగుడుపడదు.

గోదారిగట్టు:
తిరిగివెళ్లేనాటికి ఆమె చేతిలో ఏముందో కూడా చూడాలండీ. ఈ నవలలో ప్రేమ పక్కనే జమాఖర్చూ నడుస్తుంది. రాచెస్టర్ ఇంట్లో ఏడాదికి 30 పౌండ్ల జీతానికి పంతులమ్మగా చేరిన జేన్, చావుబతుకుల్లో ఉన్న అత్తను చూడడానికి బయలుదేరినప్పుడు, రాచెస్టర్ తాను ఇవ్వవలసిన 15 పౌండ్లకు 50 పౌండ్ల నోటు చాస్తాడు. చిల్లర లేదంటుందామె. అంత డబ్బు చేతికిస్తే మూడు నెలలదాకా రాదేమోనని అతను 10 మాత్రమే ఇస్తే, ఇంకా 5 బాకీ ఉన్నారని అక్కడికక్కడే గుర్తుచేస్తుంది. పెళ్లి కుదిరాక అతను అరడజను గౌన్లు కొనబోతే రెండుకు తగ్గిస్తుంది. తనను బొమ్మలా ముస్తాబు చేయడం భరించలేక, తనకంటూ కొంత సొమ్ము ఉండాలని, మదీరా దీవిలో ఉన్న తండ్రి సోదరుడికి ఉత్తరం రాయాలని ఆ కొట్టు నుంచి బండి ఎక్కగానే నిశ్చయించుకుంటుంది. ఆయన వదిలివెళ్లిన 20,000 పౌండ్లను ముగ్గురు బంధువులతో తలా 5,000 చొప్పున పంచుకున్న తరువాతే రాచెస్టర్‌ను వెతుక్కుంటూ వెళ్లింది. దిక్కులేక వెళ్లినదాని పద్ధతి ఇది కాదు.

పాతపుస్తకం:
లెక్కలు తీశారు కనుక మరొకటి. ముందుగా ప్రత్యేక ఒప్పందం రాసుకుంటే తప్ప, అప్పటి ఇంగ్లండులో భార్య డబ్బు పెళ్లితో భర్త పరమయ్యేది. పెళ్లయిన స్త్రీ ఆస్తి ఆమెదేనన్న చట్టం పూర్తి రూపంలో 1882లో గాని రాలేదు. జేన్ అలాంటి ఒప్పందం రాసుకున్నట్టు నవలలో ఎక్కడా లేదు. 30,000 పౌండ్ల కట్నంతో, అప్పటి బ్రిటిష్ వలస జమైకాలో రాచెస్టర్‌తో పెళ్లయిన మొదటి భార్య బెర్తా ఆ తాళం వెనకే బతికి, ఆ ఇల్లు తగలబడిననాడు కప్పు మీంచి దూకి పోయింది. ఆమెను జేన్ అణచుకున్న కోపానికి ప్రతిరూపంగా విమర్శకులు గిల్బర్ట్, గుబార్ 1979లో చదివితే, జేన్ కథానాయిక కావడానికి వలసభూమి స్త్రీని బలిపెట్టారని గాయత్రీ చక్రవర్తి స్పివాక్ 1985లో అభ్యంతరపెట్టారు. నాకు రెండో వాదనే బలంగా కనిపిస్తుంది, ఎందుకంటే మదీరాలోని ఆ పెద్దమనిషి బెర్తా పుట్టింటివారైన మేసన్ల సంస్థకే అక్కడ ప్రతినిధి; అంటే జేన్‌కు అండైన ఆ డబ్బుకూ వలసభూమితో ముడి ఉంది.

గోదారిగట్టు:
మదీరా సంగతి నాకు తట్టనేలేదు, ఒప్పుకుంటున్నాను. సేవ అన్న మాట దగ్గర మాత్రం పేచీ మానను. ఇచ్చేవాడిగా తప్ప మరోలా ఉండడానికి ఇష్టపడని నాటి రాచెస్టర్ కంటే, తన అవసరం ఉన్న ఈ రాచెస్టర్‌నే ఎక్కువ ప్రేమిస్తున్నానని జేన్ అతని ముఖం మీదే చెబుతుంది.