ఫిట్స్ మాత్ర నొప్పికి ఎందుకు రాశారు?

కావలి టైలర్:
నాలుగు నెలల కింద చెన్నైలో నాకు తలకి ఆపరేషన్ అయింది. మెనింజియోమా అంటే మెదడు పొరల్లో వచ్చే గడ్డ, నాది కేన్సర్ కాదు, మొత్తం తీసేశారు. కుట్లు ఎప్పుడో మానాయి. బాధల్లా ఎడమ చెవి పైన, కోసిన గీత వెంట. దువ్వెన పళ్లు తగిలితే చాలు, కణత దాకా కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుంది. ఆ పక్క తల దువ్వి పది రోజులైంది. పారాసెటమాల్‌కి లొంగడం లేదు.

పోయిన వారం చూపించుకుంటే రాత్రికి గబాపెంటిన్ 300 రాశారు. లెవెటిరాసెటమ్ 500 రెండు పూటలా ముందు నుంచే ఉంది. మందుల షాపు అబ్బాయి "ఇది కూడా ఫిట్స్ మాత్రే అక్కా" అన్నాడు, ఇంక మా అత్తకి టెన్షన్. నాకు ఒక్కసారి కూడా ఫిట్స్ రాలేదే! పైగా ఒకటే మత్తు. మొన్న జాకెట్టుకి రెండు చేతులూ ఎడమవే కత్తిరించా. ఆపేద్దామా అనుకుంటున్నా.

రిటైర్డ్ నర్సు, సింగరాయకొండ:
ఆపొద్దమ్మా. 1993లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది ఫిట్స్‌కే, నరాల నొప్పికి వాడకం తర్వాత పెరిగింది. తలమీద చర్మం కోసినప్పుడు సన్న నరాలు తెగుతాయి. అవి మానే టైంలో ఊరికే తాకినా నొప్పి నొప్పి అని గోల పెడతాయి. ఈ మాత్ర ఆ గోల తగ్గిస్తుంది. లెవెటిరాసెటమ్ పని వేరు, అది ఫిట్స్ రాకుండా. నొప్పి తగ్గింది కదా అని దాన్ని మానేసేవు! ఏదైనా నీ అంతట నువ్వు ఒక్కసారిగా ఆపితే అప్పుడు నిజంగానే ఫిట్స్ రావచ్చు. మత్తు సంగతి డాక్టరుకి ఫోన్ చేసి చెప్పు, 100తో మొదలుపెట్టి మెల్లగా పెంచేవాళ్లూ ఉన్నారు. కిడ్నీ రిపోర్టు చూపించావా? రెండింటి మోతాదూ దాన్ని బట్టే.

తల మొత్తం నొప్పి, పొద్దున్నే వాంతులు, జ్వరం, కుట్టు దగ్గర నీరు కారడం... వీటిలో ఏది కనిపించినా ఇక్కడ అడుగుతూ కూర్చోకు, ఆసుపత్రికి వెళ్లిపో.

అల్లూరు రైతు:
మా నాన్న కూడా ఇదే వాడాడు అక్కా. మొదట్లో తూలుతుంటే బైకు తాళం బియ్యం డబ్బాలో దాచాం. ఇంకోటి, గ్యాస్ సిరప్ తాగుతావా? అది తాగినాక రెండు గంటలు ఆగి మాత్ర వేసుకోవాలంట, లేకుంటే సరిగా ఒంటికి పట్టదు.

కావలి టైలర్:
సిరప్ తాగి ఆ వెంటనే మాత్ర మింగేదాన్ని! ఫోన్ చేశా, ప్రస్తుతానికి 100కి తగ్గించారు. కిడ్నీ రిపోర్టు వాట్సాప్‌లో పంపమన్నారు. దువ్వెన ఇంకా పెట్టలేదు, వేళ్లతోనే చిక్కు తీసుకుంటున్నా.