ఎముక స్కాఫోల్డ్ (కణాలు అతుక్కుని పెరగడానికి పెట్టే ఆధారం) మీద స్టెమ్ సెల్స్ నిలవడం లేదు, ఎవరైనా చెప్పగలరా?

నమస్తే అండీ, మాది నెల్లూరు, చెన్నైలో పీహెచ్‌డీ చేస్తున్నాను. హైడ్రాక్సీఅపటైట్ (ఎముకలో ఉండే కాల్షియం ఖనిజం) స్కాఫోల్డ్ ముక్కల్ని ఐఎస్ఓ 10993-5 (పదార్థం కణాలకు హాని చేస్తుందా అని చూసే ప్రమాణం) ప్రకారం 37 డిగ్రీల దగ్గర 24 గంటలు మీడియంలో (కణాల్ని పెంచే ద్రవం) నానబెట్టి, ఆ ద్రవంతో ఎంటీటీ (ఎన్ని కణాలు బతికున్నాయో చూసే పరీక్ష) చేస్తే 90 శాతం పైగా కణాలు బతికాయి, 70 దాటితే చాలు కాబట్టి పాసైనట్టే. కానీ ఎముక మజ్జ స్టెమ్ సెల్స్‌ని నేరుగా ముక్క మీద వేస్తే మూడో రోజుకే సగం ఊడిపోతున్నాయి! మీడియంలోని కాల్షియాన్ని ముక్కే పీల్చేస్తోందని నా అనుమానం. ముందురోజు రాత్రంతా సీరం కలిపిన మీడియంలో నానబెడితే సరిపోతుందా?

ఇంకోటి, అలిజరిన్ రెడ్ (కాల్షియం ఉన్నచోట ఎర్రబడే రంగు) వేస్తే కణాలు లేని ముక్క కూడా ఎర్రబడుతోంది, అందులోనే కాల్షియం ఉంది కదా. మరి కణాలు ఎముక కణాలుగా మారాయని మీరు దేనితో చూపిస్తున్నారు? ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (మార్పు తొలిదశలో పెరిగే ఎంజైమ్) ఒక్కటే చాలా, ఆస్టియోకాల్సిన్ (తర్వాతి దశలో ఎముక కణాలు తయారుచేసే ప్రొటీన్) కూడా చూడాలా? ఇక రెండు వయల్సే మిగిలాయి, అవి ఒక దాత ఇచ్చిన కణాలు, వృథా చేయడానికి మనసొప్పడం లేదు. ఈ పని చేసినవాళ్లు దయచేసి చెప్పండి.