అప్‌డేట్: తల కింద దిండు పంచాయితీ తేలింది

పోయిన వారం అడిగాను గుర్తుందా, మత్తిచ్చాక శ్వాసనాళంలోకి ట్యూబ్ వేసేటప్పుడు లావుగా ఉన్న పేషెంట్‌కి తల కింద దిండు పెట్టి స్నిఫింగ్ పొజిషన్ (మెడ ముందుకి, తల వెనక్కి వంచడం) ఇచ్చినా లారింగోస్కోప్‌లో (గొంతులోకి చూసే పరికరం) ఎపిగ్లాటిస్ (శ్వాసనాళం మీది మూత) తప్ప ఏమీ కనపడలేదు, తప్పు నా చేతిదా దిండుదా అని. సగం మంది ర్యాంప్ చెయ్యమన్నారు, అంటే వీపు నుంచి తల దాకా ఏటవాలుగా లేపమని. నిన్న చేశాను.

గాజువాక నుంచి వచ్చిన ఒకావిడ, గాల్‌బ్లాడర్ ఆపరేషన్, మెడ పొట్టి. దుప్పట్లు మడతపెట్టి వీపు పైభాగం, భుజాలు, తల కింద మెట్లలా పేర్చాను. బాగానే ఉంది అనుకునేలోపు మా మేడమ్ పక్కకొచ్చి వంగి చూసి, "చెవి ఇంకా కిందే ఉంది, ఇంకోటి పెట్టు" అన్నారు. చెవి రంధ్రం, ఛాతీ ఎముక పైనుండే గుంట ఒకే అడ్డగీతలోకి రావాలి, ముఖం సీలింగ్‌కి సమాంతరంగా ఉండాలి, అంతే కొలత. పోయినసారి దిండు తలని మాత్రమే లేపింది, లారింగోస్కోప్ హ్యాండిల్ వెళ్లి ఛాతీకి తగిలింది, ఆ టెన్షన్‌లో నాకది తట్టనేలేదు.

ఈసారి వోకల్ కార్డ్స్ (ట్యూబ్ వెళ్లాల్సిన దారిలోని స్వర తంత్రులు) కనపడ్డాయి, ఏడో నంబర్ ట్యూబ్ మొదటిసారికే దిగింది. తల వైపు ఎత్తుగా ఉండటంతో ట్యూబ్‌కి ముందు ఆక్సిజన్ పట్టించడం కూడా తేలికైంది.

2001 నాటి ఫ్రెంచ్ స్టడీ చెప్పి స్నిఫింగ్ దండగ అన్న అన్నకి: అది మామూలు పేషెంట్ల సంగతి, లావు వాళ్లకీ మెడ వెనక్కి సరిగా వంగని వాళ్లకీ లాభం ఉందని అందులోనే ఉంది. మెడకి దెబ్బ తగిలిన కేసుల్లో మాత్రం ఇవేవీ చెయ్యకూడదు.

ట్యూబ్ పడ్డాక ఆ దుప్పట్లు లాగడానికే నలుగురం కావాల్సి వచ్చింది!