‘సింహాచలం వచ్చింది’: ఊరా, మనిషా?

గోపాలపట్నం దాటి కాసేపయ్యాక కండక్టర్ "సింహాచలం వచ్చింది, దిగండి" అంటాడు. మా నాయనమ్మ అరుగు మీంచి "సింహాచలం వచ్చింది, మంచినీళ్లు తెండర్రా" అని కేకేసేది. ఆ వచ్చింది మా మేనత్త. ఒక్క అక్షరం తేడా లేదు. తెలుగులో ఏకవచనం వరకు ఆడవాళ్లకీ ఊళ్లకీ క్రియ ఒకటే. బహువచనంలోకి వెళ్తేనే ‘వచ్చారు’, ‘వచ్చాయి’ అని విడిపోతాయి.

మగవాళ్లకీ ఈ పేరుంది. ‘సింహాచలం వెళ్లాడు’ అంటే ఆ పేరుగల మనిషి వెళ్లాడనీ అనుకోవచ్చు, ఎవరో కొండకి వెళ్లారనీ అనుకోవచ్చు. ఊరి పేరు తర్వాత ‘కి’ వదిలేయడం మనకి అలవాటు కదా. ‘లో’ చేరిస్తే మాత్రం ఊరే. "తాళం సింహాచలంలో ఉంది" అని మనిషిని ఉద్దేశించి ఎవరూ అనరు, ‘సింహాచలం దగ్గర’ అంటారు.

సింహాచలం, సింహాద్రి, సింహగిరి మూడింటికీ అర్థం సింహపు కొండే. అచలం అంటే కదలనిది. మొదటి రెండూ మన విశాఖ వైపు ఇంటింటి పేర్లు. మూడోది మనిషికి పెట్టగా నేను వినలేదు. తెలంగాణలో యాదగిరి అంత వాడుకలో ఉన్న పేరైనప్పుడు, ఇక్కడ ‘గిరి’ ఎందుకు నిలవలేదో! సిమ్మాద్రప్పన్నకి మొక్కుకుని పుట్టిన పిల్లలకి అప్పన్న, అప్పలరాజు, అప్పలనర్సమ్మ అని దేవుడి పేరూ పెడతారు. అప్పలకొండలో దేవుడూ కొండా కలిసే ఉన్నారు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పేరు అదే.

నా అసలు ప్రశ్న ఇది. మా ఇంట్లో కొండకైతే ‘సింహాచలానికి’, అత్తకైతే ‘సింహాచలంకి’ అంటాం. "సింహాచలంకి చీర కొన్నాను" అన్నమాట. మీ ఇళ్లలో ఎలా అంటారు?

జవాబు: మాది భీమిలి వైపు. మా పెదనాన్న పేరు సింహాచలం. మనిషికీ ‘సింహాచలానికే’ అంటాం. "సింహాచలానికి జ్వరం" అంటే మాకేమీ వింతగా ఉండదు.

మళ్లీ నేను: బాగుందండీ. అడిగాక మా అమ్మ మాటలు గమనించాను. ‘రత్నంకి ఫోన్ చెయ్యి’ అంటుంది, ‘రత్నానికి’ అనదు. అంటే మా ఇంట్లో ఇది ఒక్క సింహాచలంతో ఆగలేదు, ‘అం’తో ముగిసే మనుషుల పేర్లన్నిటికీ ఉన్నట్టుంది.