పైపోర్షన్‌లో కరెంటు బిల్లు తగ్గేదెలా?

మాది ఖమ్మం. రెండో అంతస్తు, పైన స్లాబే. మార్చిలో 170 యూనిట్లు వస్తే మే నెలలో 340 వచ్చింది. ఏసీ ఒక్కటే, రాత్రిళ్లే వేస్తాం. అదీ 18లో పెడితే గానీ గది చల్లబడదు. అత్తయ్య గారికి బీపీ, ఏసీ మానేయలేం. ఏం చేయమంటారు?

జవాబు 1
18లో పెట్టినంత మాత్రాన తొందరగా చల్లబడదండీ, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది, అంతే. 25లో పెట్టి ఫ్యాన్ వేయండి. ఫిల్టరు ఎప్పుడు కడిగారు? మాది తీసి చూస్తే దుప్పటిలా దుమ్ము!

జవాబు 2
అసలు దొంగ స్లాబు. పగలంతా కాగి రాత్రంతా వేడి కక్కుతుంది. మేం ఏప్రిల్‌లో డాబా మీద సున్నంలో కాస్త ఫెవికాల్ కలిపి రెండు కోట్లు వేశాం. అంతకుముందు రాత్రి తొమ్మిదికి కూడా సీలింగ్ ముట్టుకుంటే చురుక్కుమనేది. వాన పడితే కొంత పోతుంది, మళ్లీ ఏడాది వేసుకోవాలి. ఓనర్‌ని అడగండి, ఒప్పుకుంటారు.

జవాబు 3
పాత ఫ్యాను 75 వాట్లు. రోజుకు 20 గంటలు తిరిగితే నెలకు 45 యూనిట్లు. బీఎల్‌డీసీ ఫ్యాను (తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటారుది) 30 వాట్లే, 18 యూనిట్లతో సరి. నెల బిల్లు 200 యూనిట్లు దాటితే మొదటి యూనిట్ నుంచే రేటు పెరుగుతుంది మనకు, అది గుర్తుంచుకోండి.

అడిగినవారు
ఫిల్టరు ఇప్పుడే కడిగానండీ. నీళ్లు నల్లగా వచ్చాయి, సిగ్గేసింది. సున్నం సంగతి ఆదివారం ఓనర్ అంకుల్‌తో మాట్లాడతా.