రాజుకు హద్దు ఉండాలి సరే, మరి సేటుకు?

మిర్చి_చిట్టా (వరంగల్), ఆదివారం రాత్రి 9.12

అందరికీ వందనాలు. ఇవాళ ఆరాధన అయినాక మా యూత్ మీటింగ్‌లో మొదలైన లొల్లి చాయ్ చల్లారినా తెగలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. నేను మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో లెక్కలు రాస్తాను. నా మాట ఇది: ప్రభుత్వం రాజ్యాంగం గీసిన గీత లోపల ఉండి పోలీసు, కోర్టు, రోడ్డు చూసుకుంటే చాలు. కొనుడు అమ్ముడు జనానికి వదిలెయ్యాలి. ఇది ఏ పార్టీ ఆఫీసు నుంచో తెచ్చింది కాదు, బైబిలులోనే ఉంది.

సమూయేలు మొదటి గ్రంథం 8వ అధ్యాయం తీయండి. అందరిలాగే మాకూ రాజు కావాలని జనం పట్టుబడితే ముసలి సమూయేలు ఏమన్నాడు? మీ కొడుకుల్ని తన రథాల ముందు పరుగెత్తిస్తాడు, కూతుళ్లతో వంటలు చేయిస్తాడు, మంచి పొలాలు గుంజుకొని తన నౌకర్లకు ఇస్తాడు, పంటలో పదో వంతు పట్టుకుపోతాడు అన్నాడు. పదో వంతుకే అంత భయపెట్టినవాడు మన జీఎస్టీ స్లాబులు చూస్తే ఏమనేవాడో! ద్వితీయోపదేశకాండం 17లో రాజు గుర్రాలను, భార్యలను, వెండి బంగారాలను పెంచుకోవద్దని, ధర్మశాస్త్రం నకలు రాసుకొని బతికినన్నాళ్లూ చదవాలని ఉంది. అంటే చట్టం పైన, రాజు కింద.

ఇక నాబోతు సంగతి. అహాబు రాజు అతని ద్రాక్షతోట అడిగాడు. బదులు ఇంకా మంచి తోట ఇస్తానన్నాడు, కాదంటే డబ్బిస్తానన్నాడు. తాతల ఆస్తి ఇయ్యనన్నాడు నాబోతు. దొంగసాక్ష్యం పెట్టి రాళ్లతో చంపించి తోట తీసుకున్నారు. మన దగ్గర ఆస్తి హక్కు మొదట్లో ప్రాథమిక హక్కే. 1978లో 44వ సవరణతో దాన్ని అక్కడి నుంచి తీసి 300ఎ అధికరణంలో పెట్టారు. నాబోతు మన మండలంలో పుట్టి ఉంటే ఆ సవరణకు ఒప్పుకునేవాడా?

సింగరేణి_బిడ్డ (గోదావరిఖని), రాత్రి 10.05

తమ్మీ, వందనాలు. మా నాయిన బొగ్గుబాయి దిగినవాడు. సింగరేణిలో 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. ఆ జీతంతోనే నేను నర్సింగ్ చదివాను. కాబట్టి నాది ఏ పక్షమో ముందే చెప్పేస్తున్నా.

నువ్వు చూపించిన అధ్యాయమే మళ్లీ చదువు, రాజు అన్నచోటల్లా దొర అని పెట్టుకొని. కొడుకుల్ని తీసుకుంటాడు, కూతుళ్లను తీసుకుంటాడు, మంచి పొలం గుంజుకుంటాడు. మా నాయనమ్మకు ఆ అధ్యాయం అట్లాగే అర్థమయ్యేది, గడీలో వెట్టి చేసిన ఇల్లు మాది. ఆ దొరకు సింహాసనం లేదు, కిరీటం లేదు. భూమి ఉంది, అంతే.

ఇక వ్యాపారం జనానికి వదిలెయ్యాలంటున్నావు. 1997-98లో మీ వరంగల్ జిల్లాలోనే పత్తికి పురుగు తగిలి రైతులు ప్రాణాలు తీసుకున్నారు కదా. విత్తనం, మందు, అప్పు మూడూ ఒకే దుకాణంలో తెచ్చుకున్నోళ్లే ఎక్కువ. పురుగు చావని మందు అమ్మినవాడే బాకీకి ఇంటి ముందు కూర్చుంటే దాన్ని స్వేచ్ఛ అనాలా? నిజాం షుగర్స్‌ను 2002లో ప్రైవేటు చేతికిచ్చారు, 2015లో మూతపడింది. బోధన్ వైపు, మెట్‌పల్లి వైపు చెరుకు రైతుల్ని అడుగు. కోత కోసినవాళ్ల కూలి ఎగ్గొడితే ఆ కూలి మొరపెడుతుందని యాకోబు 5:4లో ఉంది. ఆ మాట రాజులతో అన్నది కాదు, ధనవంతులతో అన్నది.

కాజీపేట_పెద్దాయన, రాత్రి 10.20

రోమా 13. అధికారులకు లోబడాలి, పన్ను కట్టాలి. ఇంత చర్చ దేనికి?

హన్మకొండ_లా_స్టూడెంట్, రాత్రి 10.41

పెద్దాయనా, ఆ రోమా పత్రిక రాసిన పౌలునే కొరడాలతో కొట్టడానికి కట్టేస్తే, విచారణ లేకుండా రోమా పౌరుణ్ని కొట్టడం న్యాయమా అని శతాధిపతిని నిలదీశాడు. తర్వాత రోమా చక్రవర్తి కైసరుకు అప్పీలు చేసుకున్నాడు. లోబడటం అంటే నోరు మూసుకోవడం అని ఆయన అనుకోలేదు. మిగతాది రేపు రాస్తాను, ఇంటర్నల్స్ ఉన్నాయి.

మిర్చి_చిట్టా, రాత్రి 11.30

అక్కా, దొర ఒక్కడే అంత బలవంతుడు ఎట్లా అయ్యాడు? దేశ్‌ముఖ్‌కు పన్ను వసూలు హక్కు ఇచ్చింది నిజాం సర్కారు. వెనక సర్కారు లేని దొర ఊళ్లో ఒక పెద్ద రైతు మాత్రమే. పోటీ లేకుండా చేసేది ఎప్పుడూ సర్కారు ముద్రే.

ఇంకోటి. యోసేపు కథ మనం సండే స్కూల్లో సగమే చెప్పుకుంటాం. ఏడేళ్లు ధాన్యం నిల్వ చేసి కరువులో జనాన్ని కాపాడాడు, చప్పట్లు. ఆదికాండం 47 దాకా పోండి. ఆ ధాన్యం కోసం జనం మొదట డబ్బిచ్చారు, తర్వాత పశువుల్నిచ్చారు, చివరికి భూములూ తమనూ ఐగుప్తు రాజు ఫరోకు అమ్ముకున్నారు. ఐదో వంతు పన్ను శాశ్వతం అయింది. సర్కారు గోదాములోంచి వచ్చే అన్నానికీ వెల ఉంటుందక్కా.

సింగరేణి_బిడ్డ, రాత్రి 11.42

పిల్లలు ఆకలితో చచ్చేకన్నా ఐదో వంతు ఇచ్చుకోవడమే మేలు. నైట్ డ్యూటీలో ఉన్నా, మళ్లీ మాట్లాడతా.

హన్మకొండ_లా_స్టూడెంట్, సోమవారం సాయంత్రం 6.15

అన్నా, దొర వెనక సర్కారు ఉందన్నది నిజమే. కానీ ఆ సర్కారు పోయాక కూడా వెట్టి దానంతటదే పోలేదు. రాజ్యాంగంలో మనం ఎప్పుడూ మరిచిపోయే ముక్క ఒకటి ఇక్కడే ఉంది. ప్రాథమిక హక్కులు చాలావరకు ప్రభుత్వం మీద కట్టిన కళ్లేలు. కానీ 17వ అధికరణం అంటరానితనాన్ని, 23వ అధికరణం వెట్టిని నిషేధిస్తే, అవి ప్రభుత్వాన్ని మాత్రమే కాదు, దొరను, సేటును, పక్కింటివాణ్ని కూడా పట్టుకుంటాయి. పరిమిత ప్రభుత్వం అంటూ ఈ రెండు అధికరణాలను పక్కన పెడితే దళిత క్రైస్తవుడికి మిగిలేది ఏంటి?

అధికారానికి హద్దు ఎందుకు అన్న ప్రశ్నకు క్రైస్తవం ఇచ్చే జవాబు పాపం. రాజు పాపి కాబట్టి రాజుకు హద్దు. మరి పరలోకం నుంచి దిగొచ్చిన సేటు ఎవరైనా ఉన్నాడా? మోషే ధర్మశాస్త్రం పొలం సొంతదారుణ్ని కూడా వదల్లేదు. చేను అంచుల దాకా కోయొద్దు, పడిన పరిగె బీదలకు, పరదేశికి వదలాలి. పరదేశం నుంచి వచ్చిన విధవ రూతు బతికింది దానివల్లే. యాభయ్యో ఏట అమ్ముకున్న భూమి తిరిగి ఇచ్చెయ్యాలి. ఇసుర్రాయి తాకట్టు పట్టొద్దు, అది వాళ్ల ప్రాణాన్నే తాకట్టు పట్టినట్టు అని ద్వితీయోపదేశకాండం 24. ఈ వాక్యం చదివినప్పుడల్లా నాకు 2010 మైక్రోఫైనాన్స్ రోజులు గుర్తొస్తాయి. నేను అప్పుడు చిన్నపిల్లవాణ్ని. వారం వారం కిస్తీ రోజున మా వాడలో ఆడవాళ్లు తలుపులు దగ్గరేసుకునేవాళ్లు. ఆ అక్టోబరులో ఆర్డినెన్స్ తెచ్చి వారం వారం వసూలు ఆపించి నెలకు మార్చారు. అది సర్కారు జోక్యమే, నేను దాన్ని తప్పనలేను. పత్తి విత్తనం కూడా అంతే. 450 గ్రాముల బీటీ ప్యాకెట్ పదహారు వందలు దాటి పలుకుతుంటే 2006లో మన ప్రభుత్వం కలగజేసుకొని 750 రూపాయలకు దించింది.

అట్లాగని అన్నీ సర్కారుకే అప్పజెప్పాలని నేను అనను. డచ్ ప్రధానిగా పనిచేసిన అబ్రాహాము కైపర్ కుటుంబం, సంఘం, వ్యాపారం, రాజ్యం దేని హద్దులో అది దేవునికే జవాబుదారీ, ఒకటి ఇంకోదాన్ని మింగకూడదు అనేవాడు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్, రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికి దారి తీస్తుందని హెచ్చరించారు. మన సభల్లో ఎమ్మెల్యేలకు వేసే దండలు చూస్తే ఆ మాట మనకోసమే అన్నట్టుంటుంది.

మిర్చి_చిట్టా, సోమవారం రాత్రి 8.50

ఆర్డినెన్స్ తర్వాత ఏమైందో కూడా చెప్పు తమ్మీ. కంపెనీలు అప్పులివ్వడం మానేశాయి. అవసరం మాత్రం ఆగలేదు. మా వీధిలో ఆడవాళ్లు మళ్లీ గిరిగిరి వాళ్ల (రోజువారీ వసూలుకు అప్పిచ్చేవాళ్ల) దగ్గరికే పోయారు. వారం కిస్తీ పోయి రోజు కిస్తీ వచ్చింది.

అయినా 23వ అధికరణం ముక్కకు నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నా. దొంగ త్రాసు దేవునికి అసహ్యం అని సామెతలు 11:1. త్రాసు దొంగదో కాదో చూసేవాడు ఒకడు కావాలి, వాడికి జీతం పన్నులోంచే రావాలి. అంతవరకు సరే. ధర కూడా వాడే చెప్పాలంటే మాత్రం ఒప్పుకోను.

డోర్నకల్_మనవరాలు, సోమవారం రాత్రి 9.30

అందరూ సర్కారు, సేటు అంటున్నారు, సంఘం ఎక్కడ పోయింది? మా డోర్నకల్‌లో బిషప్ అజరయ్య గారి కాలం నుంచి (1912లో బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్) పిడికెడు బియ్యం అలవాటు. అన్నం వండేటప్పుడు ఇల్లాలు ఒక పిడికెడు పక్కకు తీస్తుంది, ఆదివారం గుడికి తెస్తుంది. కూలి చేసుకునేవాళ్లు అట్లా తమ అయ్యగార్లను (పాస్టర్లను) పోషించుకున్నారు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని కూడా ఆయన వాదించారు. రాజ్యం ముందు చేయి చాపడం తగ్గితే నోరు లేస్తుంది అనేది మా అమ్మమ్మ.

కానీ చిట్టా అన్నా, చిన్న ప్రభుత్వం కావాలంటే ముందు దీని గురించి మాట్లాడు. 1950 షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం బాప్తిస్మం తీసుకున్న మాలవాడూ మాదిగవాడూ ఎస్సీ కాడు. క్రైస్తవులైన ఎస్సీల కోసం పెట్టిన బీసీ-సీ గ్రూపులో, 1 శాతం రిజర్వేషన్‌లో పడతాడు. ఊరు మాత్రం పాత పేరుతోనే పిలుస్తుంది. నువ్వు ఏ దేవునికి మొక్కుతున్నావో చూసి నీ కులం ఏంటో రాసే అధికారం సర్కారుకు ఎవరిచ్చారు? హద్దు పెట్టాల్సింది అక్కడ కాదా?

కాజీపేట_పెద్దాయన, సోమవారం రాత్రి 9.44

ఈ మాట మీద నేనూ సంతకం పెడతాను. ముందు మన సంఘాల లెక్కలు కూడా గోడకు అంటించాలి. బియ్యం ఎంత వచ్చింది, ఎక్కడ పోయింది అని అడిగితే మొహాలు మాడ్చుకుంటారు.

సింగరేణి_బిడ్డ, మంగళవారం ఉదయం 7.20

డ్యూటీ దిగి అన్నీ చదివాను. తమ్మీ, త్రాసు గురించి అన్నావు కదా. మీ దుకాణంలో దడ్వాయి (తూకం వేసేవాడు) తూకం వేశాక తాలు కింద, తేమ కింద ఎంత కోస్తారు? చీటీలో రాస్తారా?

మిర్చి_చిట్టా, మంగళవారం రాత్రి 10.15

ఇవాళ మా సేటును అడిగాను అక్కా. ఇన్నేళ్లూ లేనిది ఇప్పుడెందుకు అన్నాడు. రేపటి నుంచి నా చేతి చీటీలో ఆ కాలమ్ వేరుగా రాస్తానని చెప్పాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఆదివారం చెప్తాను.