స్టాప్ నొక్కితే ఫంక్షన్ పాయింటర్‌ని నల్ చేస్తున్నాను, స్క్రీన్ మీద ఆఫ్ అని వస్తోంది, మోటర్ మాత్రం ఆగట్లేదు

చీనీతోట:

అన్నలూ, మాది అనంతపురం జిల్లా శింగనమల దగ్గర పల్లె. డిప్లొమా ఈసీఈ చేశాను. చీనీ తోటకు నీళ్లు పారించే 5 హెచ్‌పీ బోరు మోటర్‌కి ఆర్డ్యునో ఉనో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డుతో కంట్రోలర్ చేసి పెట్టాను. మా బోరులో గంట, గంటన్నర నీళ్లు వచ్చి తగ్గిపోతాయి. నీళ్లు లేకుండా తిరిగి పోయినేడాది మోటర్ కాలిపోయింది. బయటికి లాగడానికి, వైండింగ్‌కి, మళ్లీ దించడానికి ఎంత ఖర్చో బోరున్న ఇంట్లో ఎవరికైనా తెలుసు. అందుకే పైపుకి ఫ్లో సెన్సర్ పెట్టి, నీళ్లు ఆగితే మోటర్ ఆగిపోయేలా ప్రోగ్రామ్ రాశాను.

అందులో 'ఇప్పటిపని' అనే ఫంక్షన్ పాయింటర్ ఉంది, అంటే ఇప్పుడు ఏ ఫంక్షన్ నడవాలో దాని అడ్రస్ ఉంచుకునే వేరియబుల్. దాన్ని నల్ చేయడమంటే ఖాళీ చేయడం. మోటర్ ఆన్ చేశాక మొదటి 40 సెకన్లు అది 'నీళ్లకోసంచూడు' అనే ఫంక్షన్‌ని చూపిస్తుంది. నీళ్లు పైకొచ్చాక 'కాపలా' అనే ఫంక్షన్‌ని చూపిస్తుంది. లూప్‌లో ప్రతి చుట్టులో ఇప్పటిపని నల్ కాకపోతేనే దాన్ని పిలుస్తాను. స్టాప్ బటన్ పిన్ 2 మీద ఇంటరప్ట్, అంటే నొక్కగానే నడుస్తున్న కోడ్‌ని మధ్యలో ఆపి ముందు ఇది నడుస్తుంది. ఆ ఇంటరప్ట్‌లో రెండే లైన్లు: ఇప్పటిపనిని నల్ చేయడం, 'ఆపాలి' అనే ఫ్లాగ్‌ని ట్రూ చేయడం. లూప్ చివర్లో ఆ ఫ్లాగ్ చూసి రిలే ఆఫ్ చేస్తాను, దాంతో మోటర్‌కి కరెంటు ఇచ్చే పెద్ద స్విచ్, అదే కాంటాక్టర్, పడిపోతుంది.

ఇప్పుడు కష్టమేంటంటే, 11 రోజుల్లో రెండుసార్లు ఇలా జరిగింది. నాన్న స్టాప్ నొక్కారు. స్క్రీన్ మీద మోటర్ ఆఫ్ అని వచ్చింది, పక్కన ప్రోగ్రామ్ మొదలై ఎంతసేపైందో చూపే టైమ్ సున్నా నుంచి మొదలైంది, మోటర్ మాత్రం తిరుగుతూనే ఉంది. రెండోసారి నేను ఊళ్లో లేను. నీళ్లు తగ్గి పైపులోంచి గాలి కొడుతుంటే నాన్నే చూసి మెయిన్ లాగేశారు. ఆయన ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను పడ్డ టెన్షన్ మాటల్లో చెప్పలేను. ఇంట్లో టేబుల్ మీద పెట్టి చూస్తే ఒకసారి మొత్తం బిగుసుకుపోయింది కూడా.

నల్ అని, సున్నా అని, నల్‌పీటీఆర్ అని మూడు రకాలుగా రాసి చూశాను. వేరియబుల్‌ని ప్రతిసారీ మెమరీ నుంచి కొత్తగా చదివించే వోలటైల్ కూడా పెట్టాను. ఫంక్షన్ పాయింటర్‌ని ఖాళీ చేసే సరైన పద్ధతి ఏంటి?

రిలేకాయిల్:

టైమ్ సున్నాకి వచ్చిందంటే బోర్డు రీసెట్ అయినట్టే. ఇది కోడ్ తప్పులా లేదు. కాంటాక్టర్ కాయిల్ నుంచి వచ్చే వోల్టేజీ స్పైక్ వల్ల ఇలా అవుతుంది. రిలేకి డయోడ్ పెట్టావా? బోర్డుకి వేరే అడాప్టర్ ఇచ్చి చూడు.

చీనీతోట:

డయోడ్ ఉందన్నా. కాంటాక్టర్ కాయిల్‌కి స్పైక్‌ని తగ్గించే స్నబ్బర్ కూడా పెట్టాను. మొదటిసారి జరిగాక బోర్డుకి వేరే 5 వోల్టుల అడాప్టర్ ఇచ్చాను. అయినా రెండోసారి జరిగింది.

పాతబోర్డు:

తమ్ముడూ, ఒక్కటి చెప్పు. ఆ రెండుసార్లూ టైమ్ సున్నాకి వచ్చినప్పుడు రిలే పడిపోయి మళ్లీ పట్టుకుందా? మోటర్ శబ్దం ఒక్క క్షణమైనా తెగిందా? రిలేని ట్రాన్సిస్టర్‌తో నడుపుతున్నావా, రెడీమేడ్ మాడ్యూలా? ప్రోగ్రామ్ మొదట్లో ఒక్కసారి నడిచే సెటప్‌లో రిలే పిన్‌ని ముందుగా లో, అంటే ఆఫ్, చేస్తున్నావా?

చీనీతోట:

బీసీ547 ట్రాన్సిస్టర్ అన్నా, పిన్ హై అయితే రిలే ఆన్. మొదటిసారి నేను పక్కనే ఉన్నాను, శబ్దం అస్సలు తెగలేదు. సెటప్‌లో పిన్‌మోడ్ ఔట్‌పుట్ అని మాత్రమే రాశాను. కరెంటు వచ్చిన ప్రతిసారీ రిలే ఆఫ్‌లోనే ఉండేది కాబట్టి లో అని రాయాల్సిన అవసరం కనిపించలేదు.

పాతబోర్డు:

అయితే నీ బోర్డు రీసెట్ కాలేదు. అది నిజంగా రీసెట్ అయితే చిప్ పిన్నులన్నీ ఇన్‌పుట్‌గా మారిపోతాయి, ట్రాన్సిస్టర్ ఆగిపోతుంది, రిలే పడిపోతుంది. స్పైక్ వల్ల అయినా, వోల్టేజీ పడిపోయినా అంతే. శబ్దం తెగలేదు కాబట్టి రీసెట్ జరగలేదు. ప్రోగ్రామ్ మాత్రం మొదటికి దూకింది.

ఎలాగో చెబుతాను, ఇది అర్థం చేసుకోవడం నీకు చాలా అవసరం. కంప్యూటర్‌లో నల్ ఫంక్షన్‌ని పిలిస్తే ఆపరేటింగ్ సిస్టమ్ ఆ ప్రోగ్రామ్‌ని ఆపేస్తుంది. ఉనోలో ఉండే ఏటీమెగా 328పీ మీద అలా ఆపేవాళ్లు ఎవరూ లేరు. నల్ అంటే అడ్రస్ సున్నా. ఆ చిప్‌లో సున్నా అడ్రస్‌లో ఉండేది రీసెట్ వెక్టర్, అంటే ప్రోగ్రామ్ మొదలయ్యే చోటు. నల్‌ని పిలిస్తే ప్రోగ్రామ్ అక్కడికి దూకి మళ్లీ మొదలవుతుంది. వేరియబుల్స్ అన్నీ సున్నా అవుతాయి, కాబట్టి నీ ఆపాలి ఫ్లాగ్ పోయింది, టైమ్ సున్నా అయింది, స్క్రీన్ మీద ఆఫ్ అని వచ్చింది. కానీ పిన్నులు ఎలా ఉండాలో పెట్టుకునే రిజిస్టర్లను ఎవరూ ముట్టుకోలేదు. రిలే పిన్ ఔట్‌పుట్‌గా, హైలోనే ఉండిపోయింది. సెటప్‌లో నువ్వు మళ్లీ ఔట్‌పుట్ అన్నావు, అది అప్పటికే ఔట్‌పుట్. మోటర్ తిరుగుతోంది, కాపలా లేదు. మీ నాన్న చూడబట్టి సరిపోయింది.

మరి నల్ కాకపోతేనే పిలుస్తున్నావు కదా, ఎలా పిలిచింది? నువ్వు వోలటైల్ పెట్టావు. అంటే కంపైలర్ పాయింటర్‌ని రెండుసార్లు చదువుతుంది: నల్ అవునా కాదా అని చూడటానికి ఒకసారి, పిలవడానికి ఇంకోసారి. మొదటిసారి కాపలా అడ్రస్ ఉంది. ఆ వెంటనే బటన్ ఇంటరప్ట్ వచ్చి నల్ చేసింది. రెండోసారి చదివితే సున్నా. ఆ సందు మైక్రోసెకను కూడా ఉండదు, కానీ నీ లూప్ చిన్నది, సెకనుకి వేలసార్లు తిరుగుతుంది. రోజూ నాలుగైదుసార్లు నొక్కితే ఎప్పుడో ఒకప్పుడు సరిగ్గా ఆ సందులో పడుతుంది.

టేబుల్ మీద బిగుసుకుపోయిందన్నావు, అది దీని తమ్ముడే. ఈ చిప్ ఒకసారికి ఒక బైటే చదవగలదు, ఫంక్షన్ పాయింటర్ రెండు బైట్లు. కింది బైట్ పాతది చదివాక ఇంటరప్ట్ వస్తే పై బైట్ సున్నాగా వస్తుంది. ఆ రెండూ కలిసి ఏ ఫంక్షన్‌దీ కాని అడ్రస్ అవుతుంది, కోడ్ మధ్యలో ఎక్కడికో దూకుతుంది.

నా మాట నమ్మక్కర్లేదు, చేసి చూడు. మోటర్ తీసేసి రిలే స్థానంలో ఎల్ఈడీ పెట్టు. నల్ అవునా అని చూసే లైన్‌కీ పిలిచే లైన్‌కీ మధ్య రెండు సెకన్ల డిలే పెట్టి, ఆ రెండు సెకన్లలో స్టాప్ నొక్కు.

అట్మెల్‌అభిమాని:

దీనికి తేలికైన దారి ఉంది. అసలు నల్ పెట్టకండి. ఏమీ చేయని ఖాళీ ఫంక్షన్ ఒకటి రాసి, ఖాళీ చేయాల్సినప్పుడల్లా దాని అడ్రస్ పెట్టండి. ఆర్డ్యునో సొంత కోడ్‌లో కూడా ఇదే పద్ధతి. ఇంటరప్ట్‌ని తీసేసే డిటాచ్‌ఇంటరప్ట్ పిలిస్తే అది నల్ పెట్టదు, 'నథింగ్' అనే ఖాళీ ఫంక్షన్ పెడుతుంది. అప్పుడు నల్ అవునా కాదా అని చూసే పనే లేదు, నేరుగా పిలవడమే.

పాతబోర్డు:

మంచి పద్ధతే, నేనూ వాడతాను. కానీ ఇక్కడ అది సగమే పనిచేస్తుంది. సున్నాకి దూకడం ఆగుతుంది. సగం పాత బైట్, సగం కొత్త బైట్ కలిసే ప్రమాదం అలాగే ఉంటుంది. దానికి ఇంటరప్ట్‌లు ఆపి, పాయింటర్‌ని లోకల్ వేరియబుల్‌లోకి కాపీ చేసుకుని, ఇంటరప్ట్‌లు మళ్లీ తెరిచి, ఆ కాపీని పిలవాలి.

తమ్ముడూ, నీ కోడ్‌లో ఇంకోటి అడుగుతాను. నీళ్లకోసంచూడు చివర్లో ఇప్పటిపనిని కాపలాకి మారుస్తున్నావు కదా. ఆ ఫంక్షన్ నడుస్తుండగా బటన్ నొక్కితే ఇంటరప్ట్ నల్ చేస్తుంది, ఆ తర్వాత ఆ ఫంక్షన్ దాని మీద కాపలాని రాసేస్తుంది. స్టాప్ నొక్కాక ఎప్పుడైనా స్క్రీన్ మీద నీళ్లు లేవు అని వచ్చిందా?

చీనీతోట:

వచ్చిందన్నా! మోటర్ ఆగింది కదా, నీళ్లు రావు కదా అని వదిలేశాను. అది కూడా ఇదేనని ఇప్పుడు తెలుస్తోంది.

పాతబోర్డు:

అందుకే ఖాళీ ఫంక్షన్, కాపీ ఇవన్నీ పక్కన పెట్టు. ఇంటరప్ట్‌లో పాయింటర్‌ని అస్సలు ముట్టుకోవద్దు. అక్కడ ఆపాలి ఫ్లాగ్ ఒక్కటే పెట్టు. అది ఒక్క బైట్, సగం చదవడం అనేది ఉండదు. లూప్ మొదట్లోనే ఫ్లాగ్ చూడు. ఉంటే ముందు రిలే ఆఫ్, తర్వాత పాయింటర్ నల్, ఆ తర్వాత ఫ్లాగ్ తుడిచేయి. పాయింటర్‌లో రాసేదీ లూపే, ఖాళీ చేసేదీ లూపే, పిలిచేదీ లూపే. మధ్యలో దూరేవాళ్లు లేకపోతే 'నల్ కాకపోతే పిలువు' అన్న నీ మామూలు లైన్ చక్కగా పనిచేస్తుంది. నీ ఫంక్షన్లు చిన్నవి కాబట్టి మోటర్ ఆగడానికి పట్టే ఆలస్యం మనిషికి తెలియదు.

సెటప్‌లో మొదటి లైన్ రిలే పిన్‌ని లో చేయడం, రెండోది పిన్‌మోడ్. ప్రోగ్రామ్ కదలకపోతే చిప్‌ని రీసెట్ చేసే టైమర్, అదే వాచ్‌డాగ్, 2 సెకన్లకి పెట్టు. బిగుసుకుపోతే అది నిజమైన రీసెట్ ఇస్తుంది, రిలే పడుతుంది. ఉనో కాకుండా పాత బూట్‌లోడర్ (బోర్డు ఆన్ కాగానే ముందు నడిచే చిన్న ప్రోగ్రామ్) ఉన్న నానో బోర్డు వాడితే మాత్రం వాచ్‌డాగ్ వల్ల అదే పనిగా రీసెట్ అవుతూ ఉండొచ్చు, చూసుకో.

ఇంకోటి, ఇది కోడ్ కాదు. మోటర్ ఆపే బటన్ ప్రోగ్రామ్ మీద ఆధారపడకూడదు. మీ నాన్న నొక్కే ఎర్ర బటన్‌ని నొక్కితే తెగి అలాగే ఉండిపోయే రకం తెచ్చి, కాంటాక్టర్ కాయిల్ వైరులో సిరీస్‌లో పెట్టు. మెయిన్ తీసేసి, కరెంటు పని తెలిసిన మనిషిని పక్కన పెట్టుకుని చేయి.

చీనీతోట:

అన్నా, చేశాను. పాత కోడ్‌లో రెండు సెకన్ల డిలే పెట్టి పదిసార్లు నొక్కితే పదిసార్లూ టైమ్ సున్నాకి వచ్చింది, ఎల్ఈడీ వెలుగుతూనే ఉంది. చూస్తుంటే ఒళ్లు జలదరించింది. కొత్త కోడ్‌లో అదే డిలే అలాగే ఉంచి 200 సార్లు నొక్కాను, ఒక్కసారి కూడా రాలేదు. తర్వాత డిలే తీసేసి, అప్పుడు వాచ్‌డాగ్ పెట్టాను.

ఎర్ర బటన్ మా ఊరి ఎలక్ట్రీషియన్ మామ వచ్చి కాయిల్ వైరులో పెట్టాడు. తిప్పితే గానీ బయటికి రాదు. నాన్న మూడుసార్లు నొక్కి, మూడుసార్లూ కాంటాక్టర్ పడిన చప్పుడు విన్నాకే ఇంటికి వచ్చారు. నిన్న మధ్యాహ్నం నీళ్లు తగ్గగానే కాపలా దానంతట అదే మోటర్‌ని ఆపింది.

రిలేకాయిల్ అన్నా, మీరు స్పైక్ గురించి అడగబట్టే వేరే అడాప్టర్ సంగతి ముందే తేలిపోయింది. అందరికీ థ్యాంక్స్.